విప్పిన గుండీలు

ఆ వానాకాలమంతా నేను కుట్టిన గుండీల కన్నా విప్పిన గుండీలే ఎక్కువ.

మేముండే మేడలో చొక్కా పైనుంచి కిందికి దిగుతుంది. మూడో అంతస్తులో కాలరక్క కాలరు తగిలిస్తుంది. రెండో అంతస్తులో కాజాల పిన్ని కాజాలు కుడుతుంది. కింద మా గదికొచ్చాక గుండీలు మావి, అత్తయ్యవీ నావీ. పక్కగదిలో ఇస్త్రీ తాత మడతలు పెట్టేస్తే సాయంత్రం వర్క్‌షాపు వ్యాను వచ్చి పట్టుకుపోతుంది. ఆ వ్యాను నడిపేది మా ఆయనే. బడులు తెరిచే ముందు వచ్చేవన్నీ తెల్ల చొక్కాలు, పిల్లలవి. పై గదిలో చెయ్యి ఆగితే కింద గదులన్నీ ఖాళీగా కూర్చోవలసిందే. అందుకే మా మేడలో ఎవరి ఒంట్లో బాగోలేకపోయినా ఆ కబురు మొదట మూట ఆలస్యమవడంతోనే తెలుస్తుంది.

ఆ ఏడు మొదటి వానలకే అత్తయ్యకి కడుపులో నొప్పి మొదలైంది. మందులు మింగింది, పస్తులుంది, నా వంటని తిట్టింది. తగ్గలేదు. ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు ఆమెని బయట బల్ల మీద కూర్చోబెట్టించి, మా ఆయన్నీ నన్నూ మాత్రమే లోపలికి పిలిచాడు. తన బల్ల మీది పేపర్‌వెయిట్‌ని అటూ ఇటూ జరుపుతూ, ఈ వానలు దాటకపోవచ్చన్నాడు. తినాలన్నది పెట్టమన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు అత్తయ్య వ్యాను వెనక మూటల మీద పడుకుంది. ఆయన చిన్నద్దంలో ఆమెని చూస్తూ నాకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"అమ్మకి తెలియకూడదు."

"అలాగే."

"అలాగే అనడం కాదు. మా నాన్నకి డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఆ మర్నాడు మనిషి లేడు. నిన్ను ఇంకేమీ అడగను, ఈ ఒక్కటీ చెయ్యి."

వెనకనుంచి అత్తయ్య గొంతు వచ్చింది. "ఏమంటున్నాడే వాడు?"

"ముందు గతుకులున్నాయంటున్నారు అత్తయ్యా."

"వాడు చెప్పాలా నాకు, నడుం నాదైతే."

ఆయన నవ్వబోయి, నవ్వలేక, వైపరు వేశాడు. అప్పటికి వాన కురవడం లేదు.

నాకు భయం కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో మెట్లు చూసి భయం, పిల్ల పుట్టాక గుండీ చూసి భయం, ఎక్కడ మింగేస్తుందోనని. అత్తయ్య మా పిల్లకి ఉడత అని పేరు పెట్టింది, రోజంతా మెట్లెక్కి దిగుతూనే ఉంటుందని. నాకు పెట్టిన పేరు ఎనిమిదో క్లాసు. అక్కడితో నా చదువు ఆపించేశారు. ఉప్పెక్కువైతే "ఎనిమిదో క్లాసులో ఉప్పు లెక్క చెప్పలేదా అమ్మాయ్" అనేది. అలాంటి మనిషి కళ్ళు కప్పాలి నేను.

భయపడడానికి ఇంకో కారణం ఉంది. కిందటి చలికాలం కాలరక్క మొగుడు మంచాన పడ్డాడు. ఒకరోజు అత్తయ్య మోకాళ్ళు పట్టుకుని మూడంతస్తులూ ఎక్కి, కాలర్లు సగం ఒళ్ళో పోసుకుని దిగింది. నన్నూ కుట్టమంది.

"మన పని ఎవరు చేస్తారు?" అన్నాను.

"మన పని తర్వాత. ఇక ఆ పిల్ల చేతులు మొగుణ్ణి పట్టుకోడానికి కావాలి."

"ఆయనకి అనుమానం రాదా?"

"పెళ్ళాం చేతిలో పనిలేకుండా పక్కన కూర్చుందంటే ఏ మొగుడికి భయం వెయ్యదు చెప్పు" అని నవ్వి, దారం పళ్ళతో తెంపింది.

ఆ వారం తిరక్కుండానే ఆయన పోయాడు. మా మేడలో ఇంకొకళ్ళ పని నెత్తిన వేసుకోవడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. అత్తయ్యకైతే ఎన్నేళ్ళుగానో తెలుసు.

అందుకే కాజాల పిన్ని దగ్గర్నుంచి దిగిన మూట విప్పి, పై చొక్కా మీద చెయ్యి వేసి చటుక్కున వెనక్కి తీసుకున్నాను. గుండీలు కుట్టేసి ఉన్నాయి. ఒక్క చొక్కాకి కాదు, పైన ఉన్నవాటికన్నిటికీ. వాళ్ళకి మేమెవరమూ చెప్పలేదు. ఆసుపత్రినుంచి వచ్చి వ్యాను దిగుతున్న అత్తయ్య మొహం చూసి ఉంటారు, లేదా మా ఆయన నడక చూసి ఉంటారు.

గదిలోంచి అత్తయ్య పిలిచింది. "మూట వచ్చిందా అమ్మాయ్?"

"ఇంకా దిగలేదు అత్తయ్యా."

మూటని మెట్ల కిందికి ఈడ్చుకెళ్ళాను. అక్కడ పాత మిషను పెట్టెలుంటాయి, ఎవరూ రారు. జాకెట్టు అంచులో దాచుకున్న సగం బ్లేడు తీసి, గుండీకీ గుడ్డకీ మధ్య దూర్చి, ఒక్కొక్కటే కోశాను. వెనక మిగిలిన దారం గోటితో లాగాలి. సూది రంధ్రాలు కనబడకుండా వేలు తడిచేసి నేత మీద రుద్దాలి. కుట్టడం కన్నా విప్పడానికే ఎక్కువ సేపు పట్టింది. పిన్ని చూపు అంతంతమాత్రం. గుండీ ఊడిపోతుందేమోనని వెనక రెండేసి ముడులు వేస్తుంది. ఆ ముడులు కోస్తుంటే ఆవిడ వేళ్ళు కోస్తున్నట్టే ఉంది.

"అమ్మా, ఎందుకు తీసేస్తున్నావ్?"

ఉడత ఎప్పుడొచ్చిందో నా వెనకే నిలబడింది. బ్లేడు చటుక్కున కాలి కింద పెట్టాను.

"సరిగ్గా లేవమ్మా."

"కాజాల అమ్మమ్మ బాగానే కుట్టిందిగా. నేను చూశాను."

"నానమ్మకి చెప్పకు. తెలిసిందా?"

అది తల ఊపింది. ఊపడం బాగా వచ్చు దానికి.

బోసి చొక్కాలు గదిలోకి తెచ్చి, అత్తయ్య మంచం పక్కన కూర్చుని, ఆమె చూస్తుండగా అవే గుండీలు మళ్ళీ కుట్టాను. ఆమె కళ్ళు నా సూదినే చూస్తున్నాయి.

"ఆలస్యమవుతోంది నీకు."

"మీరు లేరుగా పక్కన. ఇద్దరి పనీ ఒక్కదాన్నే."

"లేకపోవడమేంటి, ఇక్కడే ఉన్నాగా" అంది.

అది తిట్టో, మామూలు మాటో అర్థంకాక సూది పొడుచుకున్నాను.

అప్పట్నుంచి రోజూ అదే. మర్నాటికి సగం మూట గుండీలతో దిగింది, తర్వాత మూటంతా. మెట్ల మీద అడుగుల చప్పుడైతే చాలు బ్లేడు కాలి కింద దాచేసేదాన్ని. ఎంత కుట్టి పంపితే అంత దగ్గరపడిందని వాళ్ళు అనుకుంటున్నట్టు లెక్క. వాన ఆగేది కాదు. గోడలకి చెమ్మ పట్టింది, తీగ మీద గుడ్డలు ఆరకుండానే వాసన వేసేవి. అత్తయ్య జావ కూడా వద్దనడం మొదలుపెట్టింది.

పిన్నికి చెప్పి ఆపించవచ్చు. కానీ పిన్నికి చెబితే అత్తయ్యకి చెప్పినట్టే. ఆవిడ నోట్లో మాట నిలవదు, కంట్లో నీళ్ళు అసలే నిలవవు. ఒకసారి ధైర్యంచేసి పైకెళ్ళాను.

"పిన్నీ, మీ కళ్ళకి శ్రమ. గుండీలు నేను కుట్టుకుంటాలెండి."

"ఏమే, నా కుట్టు వంకరగా ఉందా?"

"అయ్యో, అది కాదు పిన్నీ."

"మరి నోరు మూసుకుని ఆవిడ దగ్గర కూర్చో. నాకు పెళ్ళైన కొత్తలో మిషను తొక్కడం నేర్పింది మీ అత్తగారే. కాలి మీద కొట్టి మరీ నేర్పింది" అంటూనే పైటతో కళ్ళొత్తుకుంది. ఆ కళ్ళతో మా గదిలోకి దిగితే ఏమవుతుందో తలుచుకుని, ఇంకేమీ అనకుండా వచ్చేశాను.

ఒక మధ్యాహ్నం మెట్ల కింద విప్పుతుండగా నీడ పడింది. కాలరక్క. చేతిలో ఖాళీ బిందె. నా చుట్టూ తెల్లదారాల ముక్కలు, ఒళ్ళో గుండీలు, వేళ్ళ మధ్య బ్లేడు. ఆమె ఆ చొక్కాల వంక చూసింది, నా వంక చూసింది.

"మేం కుట్టినవేనా అవి?"

మూటలో పై వరసలు పిన్ని కుట్టినవి, కింద వరసలు ఆమె కుట్టినవి.

బిందె గోడకి ఆనించి పక్కన మెట్టు మీద కూర్చుంది. తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "మా ఆయన కూడా అడిగాడు, నీ కాలర్లేవి అని. వర్క్‌షాపుకి సెలవన్నాను. ఏడాది పొడుగునా సెలవివ్వని వాళ్ళు ఇప్పుడెందుకిచ్చారన్నాడు. నేను ఇంకో అబద్ధం ఆలోచించుకునే లోపల కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోతున్నాడనుకున్నా, కాదు, నన్ను చూడకుండా ఉండటానికి."

అది చెప్పి, చెయ్యి చాపింది. "ఆ బ్లేడు రెండో ముక్క ఏది?"

ఆ రోజునుంచి ఆమె కూడా మధ్యాహ్నాలు దిగి నా పక్కన కూర్చునేది. పైన ఒకరు కుట్టడం, కింద ఇద్దరం విప్పడం. "ఎవరైనా చూస్తే మీ ఆయన్నే వ్యాను తెమ్మంటారు, పిచ్చాసుపత్రికి" అనేది కాలరక్క. నవ్వు వచ్చేది. నవ్వు ఆపుకోడానికి చొక్కా నోట్లో కుక్కుకునేవాళ్ళం. నవ్వు అయిపోయాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు.

ఇస్త్రీ తాతకి ఆమే చెప్పి ఉంటుంది. ఆయన గుండీల జోలికి రాలేదు. పొద్దున్నే మందపాటి గుడ్డ ఒకటి నాలుగు మడతలు పెట్టి, పెట్టె కింద వేడిచేసి, మా గుమ్మంలో నిలబడేవాడు.

"చెల్లెమ్మా, నా బల్ల మీద గుడ్డ. చెమ్మకి ఆరి చావట్లేదు. కాసేపు నీ పొట్ట మీద వేసుకుని పడుకుంటే ఆరుతుంది."

"నేనేమన్నా దండెమా నీకు?" అనేది అత్తయ్య.

"దండెం నయం, తిట్టదు."

ఆ గుడ్డ పొట్ట మీద పడగానే ఆమె మొహంలో ఏదో వదులయ్యేది. చల్లారేలోపు ఆయన ఇంకోటి తెచ్చేవాడు. ఇదీ ఆరలేదనేవాడు. ఇస్త్రీ పెట్టె కింద పెట్టిన గుడ్డ ఆరకపోవడమేమిటని ఆమె ఒక్కసారీ అడగలేదు. అది నాకు ధైర్యం ఇచ్చి ఉండవలసింది. ఇవ్వలేదు. ప్రతిదీ అడిగే మనిషి అడగడం మానేస్తే అది మంచికెలా అవుతుంది.

మధ్యలో ఒకసారి అత్తయ్య పైకప్పు వంక చూస్తూ అంది. "మూడో అంతస్తులో మిషను రోజూ ఈవేళకి ఆగిపోతోంది."

"నీళ్ళకి దిగుతుందేమో కాలరక్క."

"ఊఁ. చాలా నీళ్ళు పడుతున్నాయి."

మా ఆయన సాయంత్రం వచ్చి మంచం పట్టె మీద కూర్చునేవాడు. "ఎలా ఉందమ్మా?" అంటే "ఇవాళ నయం రా" అనేది. రోజూ అదే జవాబు. ఆ మాట విని ఆయన నా వైపు తిరిగి కళ్ళతో అడిగేవాడు, తెలియలేదు కదా అని. నేను లేదన్నట్టు తల ఆడించేదాన్ని. అది చాలు, ఆయన ఆ పూట అన్నం తినేవాడు.

ఇంక ఎంతో లేదని ఎవరూ చెప్పకుండానే తెలుస్తున్న రోజుల్లో ఒకనాడు, నేను కుళాయి దగ్గర్నుంచి వచ్చేసరికి ఉడత మంచమెక్కి నానమ్మ పక్కన కూర్చుని ఉంది. దాని చేతిలో గుడ్డబొమ్మ. బొమ్మ నెత్తికి తెల్లగా, ఒత్తుగా జుట్టు.

"నీ అంత జుట్టు పెట్టాను నానమ్మా."

"బాగుందే. ఎక్కడిది ఇంత దారం?"

"మెట్ల కింద బోల్డు ఉంది. అమ్మా కాలరత్తా కలిసి రోజూ తీసేస్తారుగా."

బిందె నా నడుం మీదే ఉండిపోయింది. అత్తయ్య బొమ్మని కిటికీ వెలుగువైపు తిప్పింది. నెత్తిమీద ఒక పోగు పట్టుకుని వేళ్ళ మధ్య నలిపింది. దాని చివర ముడి ఉంది. ముడి మీద ఇంకో ముడి. ఆ ముడి మీద బొటనవేలు పెట్టి అలాగే ఉంచింది.

తర్వాత బొమ్మని ఉడతకిచ్చేసి, "జడ వెయ్యి దానికి" అంది.

నేను బిందె దించాను. అడుగుతుందని చూశాను. నా వైపు తిరగలేదు. చాలాసేపటికి మామూలు గొంతుతో పిలిచింది.

"అమ్మాయ్, ఈ మంచం కాస్త తిప్పించు. తల ఇటూ కాళ్ళు అటూ."

"అలా తిప్పితే గోడవైపుకి ఉంటారు అత్తయ్యా. ఏమీ కనబడదు."

"కిటికీ వెలుగు కళ్ళలో పడుతోంది. తాతని పిలు, ఒక చెయ్యి వేస్తాడు."

తాతా నేనూ మంచం తిప్పాం. ఆమె గోడవైపుకి ఒత్తిగిలింది. నేను కుట్టే చోటు, గుమ్మం, రెండూ ఆమె వీపు వెనక్కి వెళ్ళాయి. అప్పుడే పైనుంచి మూట దిగింది. విప్పాను. అన్ని గుండీలూ కుట్టి ఉన్నాయి. దాన్ని తీసుకుని మెట్ల కిందికి వెళ్ళబోతున్నాను.

"ఎక్కడికి?" అంది, తల తిప్పకుండానే.

"ఎక్కడికీ లేదు."

"తాత గది పక్కనే కదా, గుమ్మంలోంచి అందించెయ్యి. దువ్వెన తీసుకుని ఇలా రా. చేతులు ఖాళీగానే ఉన్నాయిగా."

మూట అందించాను. తాత మారు మాట్లాడకుండా పుచ్చుకున్నాడు. మంచం మీద ఆమె వెనక కూర్చుని జుట్టు విప్పాను. పల్చబడిపోయింది. చిక్కు తీస్తుంటే నా కన్నీళ్ళు ఆమె మెడ మీద పడ్డాయి. వాన నీళ్ళనుకోడానికి పైకప్పు కారడం లేదు.

"గట్టిగా లాగకు. అది నా జుట్టు, కుట్టు కాదు" అంది. మళ్ళీ తనే, "పిల్లని ఏమీ అనకు."

"అనను."

"వాడొచ్చి మంచం ఎందుకు తిప్పారంటాడు. గాలి రావట్లేదన్నానని చెప్పు."

"అలాగే అత్తయ్యా."

"వెలుగు అని చెప్పావంటే కిటికీకి గుడ్డ కడతానంటాడు, వాడి సంగతి నీకు తెలీదు. గాలి అనే చెప్పు."

ఆ తర్వాత ఆమె ఉన్నన్ని రోజులూ నేను ఒక్క గుండీ విప్పలేదు, ఒక్క గుండీ కుట్టలేదు. మూటలు నా గుమ్మం దాటి వెళ్ళిపోయేవి. నేను ఆమె వీపు నిమిరేదాన్ని, నీళ్ళు పట్టేదాన్ని, ఉడత చెప్పే అర్థంలేని కథలు ఇద్దరం వినేవాళ్ళం. పిన్ని వచ్చి గుమ్మంలో కూర్చునేది. గోడవైపున్న మనిషికి తన కళ్ళు కనబడవు కనుక ఎంత ఏడ్చినా ఫరవాలేదు. గొంతు మాత్రం బాగానే పెట్టేది. "వదినా, నీ కోడలు చొక్కాకి గుండీలు కుడుతోందో గుండీలకి చొక్కా కుడుతోందో తెలియట్లేదు" అనేది. "నీ దగ్గర నేర్చుకుంటోంది" అని గోడవైపునుంచి జవాబు వచ్చేది. ఆ జవాబు రోజురోజుకీ ఆలస్యంగా వచ్చేది. పిన్ని అన్నాక మేమందరం ఊపిరి బిగబట్టి దానికోసం ఎదురుచూసేవాళ్ళం.

ఒక ఉదయం పిన్ని ఏదో అంది. జవాబు రాలేదు.

అంతా అయిపోయాక, మనుషులు వచ్చి వెళ్ళాక, ఆ సాయంత్రం ఇస్త్రీ తాత గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో నాలుగు మడతల గుడ్డ. అలవాటుగా వేడిచేసి తెచ్చేశాడు. ఖాళీ మంచం చూసి ఆగిపోయాడు. వెనక్కి తీసుకెళ్ళలేకపోయాడు. వచ్చి నా ఒళ్ళో పెట్టి వెళ్ళాడు. చల్లారేదాకా దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాను.

మళ్ళీ పనిలోకి దిగినరోజు పొద్దున్నే, ఆ రోజుల్లో నిలిచిపోయిన మూటలు ఆయనకి వ్యానులో అందిస్తున్నాను. వాన వెలిసింది కానీ ఆకాశం ఇంకా నల్లగానే ఉంది. రోడ్డు మీద పిల్లలు కొత్త తెల్ల చొక్కాల్లో బడికి పోతున్నారు. ఆయన స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు, తాళం తిప్పడం లేదు.

"అమ్మకి తెలియలేదు కదా?"

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. అయినా చేతిలో మూట బరువెక్కింది.

"తెలియలేదు."

"ఆ మంచం తిప్పడం..."

"గాలి రావట్లేదంది."

"అంతేనా?"

ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. అంతే అంటే చాలదు. ఆ మొహానికి ఇంకొంచెం ఏదో కావాలి.

"వానలు తగ్గాక పరుపు ఎండలో వెయ్యమంది. కిందటిసారి నేను సరిగ్గా దులపలేదట."

"ఎవరి పరుపు?"

"తనదే."

ఆయన మెల్లగా ఊపిరి వదిలాడు. పెదవి పళ్ళతో పట్టుకుని, ఎన్నో రోజుల తర్వాత నవ్వాడు.

"పోయేముందు కూడా నిన్ను తిట్టిందన్నమాట."

"తిట్టింది" అన్నాను.

తాళం తిప్పాడు. నేను వెనక తలుపు వేశాను.